తాళం చెవి కోసం సంతకం పెట్టొద్దు

ప్రశ్న: అన్నయ్యగారూ, మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. ఊరికి ఉత్తరాన 6 ఎకరాల 40 సెంట్ల ప్రభుత్వ పోరంబోకు ఉంది. దాని మధ్య నుంచే మా పొలాలకు డొంక, ఆ డొంక చివర శ్మశానం. అదే సర్వే నంబరులో వెనక పక్క మా మామగారికి ఎకరం డీ పట్టా (సాగు చేసుకోమని ప్రభుత్వం ఇచ్చే పట్టా) ఇచ్చారు, ఆయన పోయాక నేనే చేసుకుంటున్నాను. పోయిన ఏడాది ప్రభుత్వం ఆ పోరంబోకును వేలంలో అమ్మేసింది. కొన్నవాళ్లు గోడౌన్లు కడతారట. కార్తీక పౌర్ణమి వెళ్లిన వారానికి చుట్టూ కంచె వేసి, డొంక మీద గేటు పెట్టి తాళం వేశారు. వెళ్లి అడిగితే, వంద రూపాయల స్టాంపు కాగితం మీద ‘యజమాని అనుమతితో నడుస్తున్నాము’ అని మా 14 కుటుంబాల వాళ్లూ సంతకాలు పెడితే పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా గేటు తీస్తామన్నారు. సంక్రాంతి దాటితే మిర్చి కోతలు. ట్రాక్టరు రాకపోతే టిక్కీలు నెత్తిన మోసుకురావాలి. ఊళ్లో సగం మంది పెట్టేద్దామంటున్నారు. ఎక్కువ మాట్లాడితే డీ పట్టా కూడా రద్దు చేయిస్తారని ఇంకొందరు భయపెడుతున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు:

చెల్లెమ్మా,

ముందు ఆ కాగితం సంగతి. దాని మీద సంతకం పెట్టకండి, వేలిముద్ర కూడా వద్దు. మిగతా 13 కుటుంబాల వాళ్లనీ ఈ వారం ఆగమని మీరే ఇంటింటికీ వెళ్లి చెప్పండి. ఇదంతా చదివే తీరిక లేకపోయినా ఈ ఒక్కటి చేస్తే చాలు, ఎందుకంటే మిగతా పొరపాట్లు ఎలాగోలా దిద్దుకోవచ్చు కానీ ఆ సంతకాన్ని వెనక్కి తీసుకోవడం నాకు తెలిసి చాలా కష్టం.

ఎందుకో చెప్తాను. ఎవరి భూమిలోంచి అయినా మనకు నడక హక్కు ఎలా వస్తుందో 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం చెబుతుంది, ఈజ్‌మెంట్ అంటే ఇలా మరొకరి భూమిని వాడుకునే హక్కు. అందులో 15వ సెక్షన్ ప్రకారం ఒక దారిని గొడవలు లేకుండా, అందరికీ తెలిసేలా, హక్కుగా, ఆటంకం లేకుండా 20 ఏళ్లు వాడుకుంటే ఆ దారి మీద హక్కు స్థిరపడుతుంది. ఆ భూమి ప్రభుత్వానిదైతే 20 కాదు, 30 ఏళ్లు. ఇందులో ‘హక్కుగా’ అన్న మాటే అసలు ప్రాణం. ఒకరిని అడిగి, వాళ్లు సరేనంటే నడిచేది హక్కు కాదు, వాళ్ల దయ. మీ మామగారి కాలం నుంచీ ఎవరినీ అడక్కుండా నడిచిన డొంకలో ఇవాళ ‘యజమాని అనుమతితో’ అని రాసిచ్చారనుకోండి, రేపు కోర్టు బోనులో అవతలి లాయరు ఆ కాగితం మీ చేతికిచ్చి ‘ఈ సంతకం మీదేనా అమ్మా’ అని అడుగుతాడు. మీరు అవుననాలి. ఆ ఒక్క జవాబుతో కేసు సగం కూలిపోతుంది.

ఇది పుస్తకంలో చదివి చెప్తున్న మాట కాదు. నేను డిగ్రీ చదివే రోజుల్లో మా మేనమామ వాళ్ల ఊళ్లో అచ్చం ఇలాగే ఒక డొంకకు గేటు పడింది. గేటు పక్కన వాచ్‌మన్‌కు రేకుల గది, గోడకు మేకు, ఆ మేకుకు తాడుతో కట్టిన లాంగ్ నోటుబుక్కు. పొలానికి పోయేవాళ్లు పేరు, టైమూ రాసి సంతకం పెట్టి వెళ్లాలి. మామయ్య గొడవలంటే పడని మనిషి, దారి ఇస్తానంటున్నాడు కదా, ఒక సంతకానికి ఏం పోతుందిలే అని రోజూ పెట్టేవాడు. మూడేళ్లు బాగానే గడిచింది. తర్వాత ఆ భూమి చేతులు మారింది, కొత్తగా కొన్నాయన గేటు మూసేశాడు, మావాళ్లు కోర్టుకెళ్లారు. అక్కడ ఆ నోటుబుక్కులే ప్రతివాది తరఫున ఎగ్జిబిట్ బీ-1 అయ్యాయి. మూడేళ్ల పాటు తన చేత్తో పెట్టిన సంతకాలు తన మీదే సాక్ష్యం చెప్పడం మామయ్య చూశాడు. చివరికి ఆ మూడెకరాలు ఆ గేటాయనకే, ఆయన చెప్పిన రేటుకే అమ్ముకున్నారు. నేను లా చదవడానికి ఉన్న కారణాల్లో అదొకటి. అందుకే మీ ఉత్తరంలో స్టాంపు కాగితం మాట చూడగానే మిగతావన్నీ పక్కనబెట్టి దీనికి కూర్చున్నాను. మీ దగ్గర కూడా గేటు దగ్గర రిజిస్టరు పెడితే అందులోనూ రాయకండి.

ఇక అసలు విషయానికి వస్తే, ‘ప్రభుత్వం అమ్మింది, మేం డబ్బు కట్టాం, కాబట్టి లోపలున్నదంతా మాదే’ అని వాళ్లు అనుకుంటున్నారు, ఊళ్లో వాళ్లూ అదే నిజమనుకుంటున్నారు. కాదు. ప్రభుత్వం అయినా, మీరైనా, నేనైనా మన దగ్గర ఎంత ఉందో అంతే అమ్మగలం. మన ప్రాంతానికి వర్తించే 1905 నాటి భూ ఆక్రమణల చట్టం 2వ సెక్షన్ తీసి చూడండి. రోడ్లు, వీధులు, సందులు, కాలిబాటలు ప్రభుత్వ ఆస్తి అని చెబుతూనే, ఆ ఆస్తి జనానికున్న దారి హక్కులకు, పక్క పొలాల వాళ్ల ఈజ్‌మెంట్ హక్కులకు, ఆచారంగా వస్తున్న హక్కులకు లోబడే ఉంటుందని అదే వాక్యంలో రాశారు. అంటే ఆ డొంక ప్రభుత్వం చేతిలో ఉన్నప్పుడే మీ నడక బరువు దాని మీద ఉంది. కొన్నవాళ్లు ఆ బరువుతో సహా కొన్నట్టే. అది వేలం ప్రకటనలో రాయలేదంటే కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు తేల్చుకోవాల్సిన సంగతి, దాని నష్టం మీరు మొయ్యక్కర్లేదు.

దీనికి తోడు ఇంకొకటుంది, చాలామంది సర్పంచులకు కూడా ఇది తెలియదు. 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ ప్రకారం మేత భూములు, కల్లాలు, శ్మశానాలు, పశువుల మందలు నిలిపే చోట్లు, బండి దారులు, తోపులు, ఇలాంటి పోరంబోకులు ప్రభుత్వానికి ప్రత్యేకంగా ఏ పనికీ అవసరం లేనంతకాలం గ్రామ పంచాయతీకి దఖలు పడి ఉంటాయి. ప్రభుత్వం వాటిని వెనక్కి తీసుకోవాలంటే గెజిట్‌లో నోటిఫికేషన్ ఇవ్వాలి. మీ డొంక విషయంలో అలాంటి నోటిఫికేషన్ ఇచ్చారా లేదా అన్నది మీరు కాగితం మీద అడగాల్సిన మొదటి ప్రశ్న. సమాచార హక్కు చట్టం కింద మండల ఆఫీసులో ఒకటి, కలెక్టరేట్‌లో ఒకటి దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలకు మించదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. వేలానికి ముందు తహసీల్దారు ఆఫీసు నుంచి పైకి పంపిన ప్రతిపాదన, దానితో పాటు పెట్టిన స్కెచ్, స్థల తనిఖీ రిపోర్టు, పంచాయతీ తీర్మానం ఏదైనా ఉంటే అది, వేలం షరతులు, ఇవన్నీ నకళ్లు అడగండి. ఆ తనిఖీ రిపోర్టులో ‘భూమి ఖాళీగా ఉంది, ఎవరి అనుభవంలోనూ లేదు’ అని రాసి ఉంటుందని నా అనుమానం, ఎందుకంటే ఇలాంటి ఫైళ్లలో నేను చూసినవన్నీ దాదాపు అలాగే ఉన్నాయి. 2023 ఆగస్టులో హైదరాబాద్ శివార్లలోని కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటి పలికిన తర్వాత ప్రభుత్వ భూమి అంటే అందరికీ ముందు రేటే గుర్తొస్తోంది. మీ ఊరి డొంకకు ఆ రేటు రాకపోవచ్చు గానీ చూసే చూపు మాత్రం అదే, ఎవరూ ఇల్లు కట్టుకోకపోతే అది ఖాళీ జాగా అయిపోయినట్టే. ఆ జాగాలో రోజూ మనుషులు, గొడ్లు నడుస్తాయని, ఊరి శవాలు దాని మీదుగానే వెళ్తాయని రాసేందుకు ఆ ఫారంలో గడి ఉండదు. ఆ గడి మీరే నింపాలి.

నింపడం ఎలాగంటే, ముందు ఎఫ్‌ఎంబీ, అంటే సర్వే వాళ్ల పొలం కొలతల పుస్తకం. ఆ సర్వే నంబరు పాత ఎఫ్‌ఎంబీ కాపీ, గ్రామ పటం, డైగ్లాట్, అంటే ఏ నంబరు ఏ రకం భూమో రాసి ఉండే పాత సెటిల్‌మెంటు రిజిస్టరు (ఆర్‌ఎస్‌ఆర్) నకలు తీయించండి. మీ ఊళ్లో రీసర్వే జరిగి ఉంటే కొత్త ఎల్‌పీఎం (రీసర్వేలో గీసిన భూమి పటం) చేతిలో పెట్టి ఇదే రికార్డంటారు, దానితో ఆగిపోవద్దు, పాతది కూడా కావాలని పట్టుబట్టండి. పాత ఎఫ్‌ఎంబీలో బండి దారిని పక్కపక్కనే రెండు చుక్కల గీతలుగా చూపిస్తారు, పక్కన లింకుల్లో కొలతలుంటాయి. వంద లింకులంటే 66 అడుగులు, కాబట్టి అక్కడ 25 అని ఉంటే డొంక వెడల్పు పదహారున్నర అడుగులన్నమాట, ట్రాక్టరు ట్రక్కు సుఖంగా పోతుంది. ఈ కొలత మీకు ముందు ముందు చాలా పనికొస్తుంది, ఎందుకంటే రేపు రాజీకి వచ్చినా ‘నడవడానికి నాలుగడుగులు వదుల్తాం’ అంటారు.

తర్వాత, కొన్నవాళ్ల దస్తావేజు నకలు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఎవరైనా తీసుకోవచ్చు, అది వాళ్ల రహస్యం కాదు. షెడ్యూలులో హద్దులు, విస్తీర్ణం చూడండి. డొంకకు వేరే సర్వే నంబరో, సబ్ డివిజనో ఉండి అది ఆ దస్తావేజులో లేకపోతే మీ పని సగం తేలికైనట్టే. వాళ్లు కొననిదాని మీద గేటు పెట్టారు కాబట్టి అది ఆక్రమణ, 1905 చట్టం కిందే తహసీల్దారు నోటీసిచ్చి తీయించొచ్చు. హద్దుల్లో ‘డొంక’ అని ఎక్కడైనా రాసి ఉంటే అది ఇంకా మంచి సాక్ష్యం. అలా కాకుండా డొంక అదే నంబరు లోపల చుక్కల గీతలుగా ఉండి మొత్తం 6.40 ఎకరాలూ రాసిచ్చేసి ఉంటే, డొంక జాగా కూడా అమ్మారన్నమాట, అప్పుడు పంచాయతీ హక్కు, మీ నడక హక్కు రెండూ పట్టుకుని కోర్టుకు వెళ్లాలి. ఇక ఎక్కడా గీతే లేకపోతే కష్టం కొంచెం పెరుగుతుంది, అంతే తప్ప హక్కు పోదు, 30 ఏళ్ల వాడకాన్ని మనుషులతో, గుర్తులతో రుజువు చేసుకోవాలి.

గుర్తులంటే ఏమేమి? డొంక పొడుగునా కరెంటు స్తంభాలున్నాయా? ఉపాధి హామీ పథకంలో ఎప్పుడైనా ఆ డొంకకు గ్రావెల్ పోశారా? పోసి ఉంటే ఆ పని ఎస్టిమేటు, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకలు బంగారం లాంటివి. ప్రభుత్వమే డబ్బు ఖర్చు పెట్టి బాగు చేసిన దారిని అదే ప్రభుత్వం లేదని ఎలా అంటుంది? గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు కనబడతాయి, మీ ఊళ్లో కంప్యూటరు తెలిసిన పిల్లలెవరినైనా కూర్చోబెట్టి డొంక కనబడే చిత్రాలు తేదీలతో ప్రింటు తీయించండి. మీ ఊళ్లో డెబ్బై దాటిన వాళ్లను కలిసి ఎవరు ఎప్పట్నుంచి ఆ దారిన బండి తోలారో రాయించుకోండి, వాళ్లలో కనీసం ఇద్దరు మీ 14 కుటుంబాలకు సంబంధం లేనివాళ్లయితే కోర్టు ఎక్కువ నమ్ముతుంది. గేటుకు, తాళానికి, కంచెకు అటూ ఇటూ మట్టిలో పడిన బండి చక్రాల గాడికి ఫొటోలు ఇవాళే తీయండి. ఆ గాడిని జేసీబీతో దున్నేస్తే తర్వాత చూపించడానికి ఏమీ ఉండదు.

డీ పట్టా రద్దు చేయిస్తారన్న భయం పెట్టుకోకండి. మీరు ఆ భూమి ఎవరికీ అమ్మలేదు, మీరే సాగు చేసుకుంటున్నారు, దారి కోసం అడిగినందుకు పట్టా రద్దు చేసే చట్టం లేదు. పైగా ఆ డీ పట్టా వల్లే మీకు ఇంకో బలం ఉంది. మీ ఎకరమూ, ఇప్పుడు అమ్మిన జాగా ఒకప్పుడు ఒకే యజమానివి, ఆ యజమాని ప్రభుత్వం. ఒకే యజమాని తన భూమిలో వెనక ముక్కను ఒకరికి ఇచ్చినప్పుడు, ముందు ముక్క మీదుగా తప్ప దానికి చేరే దారి లేకపోతే, ఆ దారి కూడా ఇచ్చినట్టే లెక్క. ఈజ్‌మెంట్ చట్టం 13వ సెక్షన్ చెప్పేది ఇదే, దీనికి 20 ఏళ్లు, 30 ఏళ్లు అన్న లెక్క అక్కర్లేదు. కాకపోతే నిజంగా వేరే దారి ఏదీ ఉండకూడదు. చుట్టు తిరుగుడుదైనా ఇంకో హక్కున్న దారి ఉంటే ఈ సెక్షన్ పనిచెయ్యదు, కాబట్టి వెనక నుంచి కాలవ గట్టు మీద దారి లాంటిదేమైనా ఉందా అన్నది మీ లాయరుకు దాచకుండా చెప్పండి.

ఒక జాగ్రత్త. ఊళ్లో కొందరు ఆవేశంలో ‘ఆ పోరంబోకంతా తాతల కాలం నుంచీ మాదే, మేమే అనుభవిస్తున్నాం’ అని అర్జీల్లో రాస్తారు. రాయొద్దు. సొంత భూమి మీద ఈజ్‌మెంట్ ఉండదు, పక్కవాడి భూమి మీదే ఉంటుంది. భూమి మాదే అనీ, దారి హక్కు ఉందనీ రెండూ కలిపి రాసి రెండూ పోగొట్టుకున్న వాళ్లున్నారు. మీ మాట ఎప్పుడూ ఒకటే ఉండాలి: భూమి ఎవరిదైనా కానీ, డొంక మాత్రం ఊరిది.

ఇక తొందర గురించి. గేటు పడింది కార్తీక పౌర్ణమి తర్వాత వారానికి అన్నారు కదా, అంటే మాఘ పౌర్ణమి వెళ్లిన వారానికి మూడు నెలలు నిండుతాయి. ఈ మూడు నెలలు ఎందుకు లెక్కపెడుతున్నానంటే, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 166వ సెక్షన్ ఉంది, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 147 అన్నమాట. భూమి వాడకం మీద తగువు వచ్చి ఊళ్లో కొట్లాట జరిగేలా ఉంటే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు విచారణ చేసి, వాడకం నిజమని తేలితే అడ్డు పెట్టవద్దని ఆర్డరు వేయొచ్చు. కానీ ఏడాది పొడుగునా వాడే దారి అయితే, ఫిర్యాదు అందిన రోజుకు ముందు మూడు నెలల లోపు మీరు ఆ దారిని వాడి ఉండాలి. ఆ గడువు దాటితే ఈ తలుపు మూసుకుపోతుంది. అందుకని ఈ వారమే పోలీస్ స్టేషన్‌లో, ఆర్డీవో ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వండి, చివరిసారి ఏ తేదీన ఎవరి ట్రాక్టరు వెళ్లిందో రాయండి, గొడవ జరిగే పరిస్థితి ఉందని కూడా రాయండి, అది లేకపోతే ఆ సెక్షన్ కదలదు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే అర్జీ ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. రసీదు లేకుండా ఏ ఆఫీసులోనూ కాగితం వదిలిపెట్టి రావొద్దు.

రెండో గడువు కూడా ఉంది. గేటు పడిన సంగతి తెలిసీ ఏడాది పాటు ఊరుకుంటే మీ 30 ఏళ్ల వాడకానికి గండి పడినట్టు లెక్క కడతారు. ఆ వాడకం పట్టుకుని దావా వేయాలన్నా అది ఆగిపోయిన రెండేళ్లలోపే వేయాలి. అర్జీలు తిరుగుతూ కూర్చుంటే రెండేళ్లు ఇట్టే అయిపోతాయమ్మా.

కాబట్టి అర్జీలతో పాటే సివిల్ కోర్టు పని కూడా మొదలుపెట్టండి. డబ్బు లేదని ఆగకండి. న్యాయ సేవల చట్టం, 1987 ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును పెడతారు. మీ కోర్టు ఆవరణలోనే మండల న్యాయ సేవల కమిటీ ఉంటుంది, దావా మీ పేరు మీద ఉంటే ఆ సాయం అడగొచ్చు. డొంక మొత్తం ఊరి కోసం అడుగుతున్నారు కాబట్టి అందరి తరఫునా కొందరు వేసే దావాగా కోర్టు అనుమతి తీసుకుని వేయడం మంచిది, మీ ఎకరానికున్న ప్రత్యేక హక్కును కూడా అందులోనే విడిగా చెప్పాలి. మామూలుగా ప్రభుత్వం మీద దావా వేయాలంటే రెండు నెలల ముందు నోటీసివ్వాలి, కానీ కోతలు మీద పడుతున్నాయని చూపించి నోటీసు లేకుండా వేసేందుకు సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) 80(2) కింద అనుమతి అడగొచ్చు. దావాతో పాటే, కేసు తేలేదాకా దారికి అడ్డు పెట్టొద్దని తాత్కాలిక ఇంజంక్షన్ పిటిషను, అడ్వకేట్ కమిషనర్‌ను (కోర్టు తరఫున స్థలం చూసి రిపోర్టిచ్చే లాయరును) పంపమని ఇంకో పిటిషను వేయించండి. ఇలాంటి కేసుల్లో కమిషనర్ రిపోర్టును మించినది లేదు. ఆయన సర్వేయరును వెంటబెట్టుకుని వచ్చి, ఎఫ్‌ఎంబీ ముందు పెట్టుకుని కొలిచి, గేటు డొంక గీతల మీద ఉందో లేదో రాసేస్తాడు. ఆయన వచ్చే రోజు అందరూ అక్కడే ఉండండి, అరుపులు మాత్రం వద్దు.

తాళం పగలగొట్టడం గురించి మీరు రాయలేదు గానీ ఊళ్లో కుర్రాళ్లు ఆ మాట అనే ఉంటారు. ఆపండి. పగలగొట్టిన రోజు నుంచి మీరు దారి అడిగేవాళ్లు కాదు, క్రిమినల్ కేసులో ముద్దాయిలు.

రాజీ అసలు వద్దని కూడా నేను అనను. గోడౌన్ల మధ్యలోంచి ట్రాక్టర్లు తిరిగితే వాళ్లకూ ఇబ్బందే, కంచె వెంబడి డొంకను పక్కకు జరపడానికి వాళ్లు ఒప్పుకుంటే ఆలోచించొచ్చు. కానీ అది మీ 14 కుటుంబాలూ కొన్నవాళ్లూ కూర్చుని తేల్చుకునే వ్యవహారం కాదు, పంచాయతీ తీర్మానం, పైఅధికారుల ఆమోదం కావాలి. వెడల్పు అడుగుల్లో రాయాలి, స్కెచ్ జతచేయాలి, రిజిస్టరు చేయాలి, గేటూ టైమూ ఉండకూడదు. శవం లేవడానికి ఆరింటి నుంచి ఆరింటి దాకా అని టైము ఎవరు పెట్టగలరు? ఆ ఒక్క ప్రశ్న చాలు, వాళ్లిచ్చిన కాగితం ఎవరి బాగు కోసం రాశారో ఊళ్లో సగం మందికి అర్థమవడానికి. 2011 జనవరిలో పంజాబ్‌లోని ఒక ఊరి చెరువు కేసులో, జగ్‌పాల్ సింగ్ కేసంటారు, సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించేందుకు పథకాలు వేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఆ తీర్పు కాపీ మీ సర్పంచుగారి చేతిలో పెట్టండి, పంచాయతీ కూడా మీ పక్కన నిలబడితే కేసు బరువే మారిపోతుంది.

ఈసారి కోతలకు దారి దొరక్కపోతే, టిక్కీలు మోసిన హమాలీలకు ఇచ్చిన ప్రతి రూపాయికీ తేదీతో చీటీ రాసి వేలిముద్ర వేయించి దాచండి, నష్టపరిహారం అడిగేటప్పుడు కావాలి. పాత ఎఫ్‌ఎంబీ, దస్తావేజు నకలు చేతికి రాగానే రెండూ ఫొటో తీసి నాకు పంపండి. చుక్కల గీతలూ, వాటి పక్క అంకెలూ స్పష్టంగా కనబడేలా ఎండలో పెట్టి తీయండి, ఫ్లాష్ వెయ్యొద్దు, పాత కాగితం మీద ఫ్లాష్ పడితే పెన్సిలు గీతలు కనబడవు.